జవాబును మింగడం నేర్చుకున్న మనిషి

దయామణి గారు లేరన్న కబురు చెవిన పడినప్పుడు నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది, ఎదురుగా ఆమె రాసిన వ్యాసమే ఉంది. ఒకరు ఆవలిస్తే పక్కవాళ్లకూ ఆవలింత ఎందుకు వస్తుందన్నది విషయం. మూడు పేజీల రాతప్రతి. రెండో పేజీలో ఒక వాక్యం మరీ సాగిందని గొణుక్కుంటూ దాన్ని రెండు ముక్కలు చేస్తున్నాను. పత్రికలో ఉపసంపాదకుడిగా నేను ఉద్యోగ విరమణ చేసి ఏళ్లు గడిచినా ఆమె రాతను అందరికంటే ముందు దిద్దే పని నేను వదులుకోలేదు, ఆమె వదలనివ్వలేదు. ఆ సమయాన ఆమె చెల్లెలు రూతమ్మ ఫోన్ చేసింది. “అన్నా, అక్క పొద్దుగాల ప్రభువునందు నిద్రించింది. ఛాతిల నొప్పన్నది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది” అంది.

నాకు ముందు కోపం వచ్చింది. నిన్న సాయంత్రమే “తమ్మీ, నా కామాలు పీకేసినవంటే ఊకోను” అని హెచ్చరించిన మనిషి తెల్లారేసరికి ఎలా వెళ్లిపోతుంది? “సరిగ్గ చూసిండ్రా? ఏ డాక్టరు చెప్పిండు?” అని రూతమ్మను గద్దించాను. పాపం, అవతల ఆమె ఏడుస్తూనే నాకు జవాబు చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ ముక్కలు చేసిన వాక్యం వైపే చూస్తూ కూర్చున్నాను. తరవాత దాన్ని ఆమె రాసినట్టే తిరిగి కలిపి రాశాను.

ఆమెను ఎరుగని వారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. దయామణి గారు హనుమకొండలో పుట్టి పెరిగారు. తండ్రి మిషన్ దవాఖానలో కాంపౌండరు. అరకు మందు సీసాకు మోతాదుల గుర్తుగా ఆయన అంటించే కాగితానికి ఆ గాట్లెందుకని అడగడంతో తన విజ్ఞాన జిజ్ఞాస మొదలైందని ఆమె చెప్పేవారు. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, కొన్నేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ కొలువును వదిలేసి విజ్ఞాన రచననే వృత్తిగా స్వీకరించారు. మా పత్రిక ఆదివారం పుటలో ఆమె శీర్షిక దాదాపు మూడు దశాబ్దాలు నిరాఘాటంగా సాగింది. నలభై ఆరో ఏట మానసిక చికిత్సలో శిక్షణకు చేరారు. అప్పటి నుంచి కడదాకా వారమంతా రాస్తూ, శనివారాలు మాత్రం మనుషుల గోడు వింటూ గడిపారు. విజ్ఞానమూ కారుణ్యమూ ఒక మనిషిలో అంత సహజంగా ఒదిగిపోవడం నా ఎరుకలో మరెక్కడా చూడలేదు.

ఆ శీర్షిక పేరు ‘ఎట్లైతది?’. దాని మీదే మా తొలి జగడం. పత్రికా భాషకు తగదని నేను దాన్ని ‘ఎలా జరుగుతుంది?’ అని మార్చాను. మర్నాడే ఆమె నా బల్ల ముందు ప్రత్యక్షమయ్యారు. “తమ్మీ, ఇంట్ల మీ అమ్మను ఏదన్న అడగాలంటే ఎట్లడుగుతవ్?” అన్నారు. “ఎట్లైతదే అమ్మా అనే అడుగుత” అన్నాను. “మరి మీ అమ్మ నా పాఠకురాలు కాదా?” అన్నారు. ఆమె పెట్టిన పేరే తిరిగి పెట్టాను. మా అమ్మ నిజంగానే ఆమె పాఠకురాలు, నా పేరు అచ్చులో వచ్చిన రోజున కూడా ముందు దయామణి పేజీనే తిప్పేది.

ఏ వ్యాసమైనా బల్ల దగ్గర కూర్చుని రాసేయడం ఆమెకు చేతకాదు. మిరపకాయ మంట గురించి రాయడానికి వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్‌కు వెళ్లి, తొడిమలు తీసే ఆడవాళ్ల పక్కన రెండు రోజులు తానూ తొడిమలు తీశారు. మూడో రోజు వాచిన వేళ్లతో ఆఫీసుకొచ్చి, పెన్ను పట్టలేక నాతో రాయించారు. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, కాబట్టి చేతులకు ముందు నూనె రాసి తుడిచి ఆ తరవాత సబ్బుతో కడగాలన్నది వ్యాస సారాంశం. అచ్చయిన కాగితం పట్టుకుని మళ్లీ యార్డుకు వెళ్లి చదివి వినిపించారు. ఒక పెద్దామె అంతా విని, “ఓ అమ్మా, ఇంత చిన్న ముచ్చటకు నువ్వు రెండు దినాలు చేతులు కాల్చుకున్నవా? మమ్ముల అడిగితే నూనె సంగతి మేమే చెప్తుంటిమి గద!” అందట. దయామణి గారు ఆ మాటను పదిమందికి చెప్పి నవ్వేవారు. తన మీద తాను నవ్వుకోవడంలో ఆమెది అందె వేసిన చేయి.

ఇక నా సంగతికి వస్తాను. ఇది చెప్పకుండా ఈ వ్యాసం రాయడం అబద్ధమవుతుంది.

పత్రికలో ఉపసంపాదకుడికి రెండు హక్కులుంటాయి. ఎవరి రాతకైనా శీర్షిక పెట్టేది అతడే. స్థలం చాలకపోతే కోసేదీ అతడే. కోత ఎప్పుడూ కింది నుంచే మొదలవుతుంది. విలేకరులు ముఖ్యమైన సంగతి పైన రాసి, లేకున్నా గడిచేది కింద రాస్తారు గనక, చివరి పేరా ఎగిరిపోయినా వార్తకు లోటు రాదు. చేయి తిరిగినవాడు చదవకుండానే కోస్తాడు. నాకు చేయి తిరిగిందని నాకెంతో గర్వం. దయామణి గారు మాత్రం వార్తలా రాసేవారు కారు. పాఠం చెప్పినట్టు మెల్లగా ఒక్కో మెట్టు ఎక్కించి, అసలు మాటను ఆఖర్న చెప్పేవారు.

ఇరవై ఏళ్లు దాటింది. మూర్ఛలా కనిపించే ఒక అవస్థ గురించి ఆమె రాశారు. కొందరు పిల్లలు ఉన్నట్టుండి పళ్లు బిగించి పడిపోతారు. ఊళ్లో దయ్యం పట్టిందంటారు. డాక్టర్లు పరీక్షలన్నీ చేస్తే మెదడులో ఏ లోపమూ కనిపించదు. చెప్పుకోలేని దుఃఖమే అలా దేహంలోంచి బయటపడుతుంది అన్నది విషయం. ‘కన్నీళ్లు రాని దుఃఖం’ అని ఆమె శీర్షిక పెట్టారు. ఆ సాయంత్రం పేజీ ముగించే వేళకు ఒక బట్టల దుకాణం ప్రకటన వచ్చి పడింది. నేను కింది నుంచి ఒక పేరా కోశాను. ఆ శీర్షిక చప్పగా ఉందని తీసేసి, ‘దయ్యం కాదు, అంతా నటన!’ అని పెట్టాను. పది నిమిషాల పని. పక్క బల్ల మిత్రుడు భేష్ అన్నాడు, నేను చాయ్ తాగడానికి వెళ్లాను.

నేను కోసిన పేరాలో ఏముందో తరవాత చదివాను. “ఇది నటన కాదు. ఆ బిడ్డకు తన దేహం మీద ఆ క్షణాన అదుపు ఉండదు. తిట్టకండి, కొట్టకండి. ముందు డాక్టరుకు చూపించండి, ఆ తరవాత పక్కన కూర్చోండి” అని ఉంది.

పదిహేను రోజులకు ములుగు వైపు ఊరి నుంచి కొమురమ్మ అనే తల్లి, పదో తరగతి చదివే తన కూతురు స్వరూపను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. దయామణి గారు కొత్త వ్యాసం ఇవ్వడానికి వచ్చి ఉన్నారు. కొమురమ్మ కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఆ పేపరు ముక్కను ఆమె ముందు పరిచింది.

“ఇది నువ్వేనా అమ్మా రాసింది? నీ ఫోటో ఉన్నది దీని మీద” అంది. “ఎండాకాలం సంది నా బిడ్డకు ఫిట్స్ లెక్క వస్తానయి. దయ్యం అనుకున్నన్ని దినాలు ఆళ్ల నాయిన తాయెత్తు కట్టిచ్చిండు, దేవునికి మొక్కిండు, పొల్లను సంకల ఎత్తుకోని తిరిగిండు. గిది సదివినంక నాటకాలు చేస్తానవా అని కొడుతాండు. సదువుకున్నోళ్లు రాసిండ్రు, నువ్వు నోర్ముయ్ అంటాండు. నేనేం చెయ్యాలె చెప్పు?”

స్వరూప తల ఎత్తలేదు. మోచేతి మీద కమిలిన మచ్చ ఉంది. దయామణి గారు ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. శీర్షిక చూశారు. కింద మాయమైన పేరా ఉండాల్సిన చోటు చూశారు. పది అడుగుల దూరంలో నేను ఉన్నాను. నా వైపు ఆమె చూపు తిప్పలేదు. “నేనే రాసిన తల్లీ. తప్పు నాదే” అన్నారు.

నేను లేచి నిలబడాలి. “కాదమ్మా, నేను” అనాలి. దానికి బదులు నా ముందున్న ప్రూఫులో తల దూర్చి, ఒక్క అక్షరం కూడా కనపడకుండానే దిద్దుతున్నట్టు నటించాను. ఆ రోజు ఆ గదిలో నటించింది నేనొక్కడినే.

ఆమె అప్పటికప్పుడే వాళ్లతోపాటు బస్సెక్కి ఊరికి వెళ్లారు. సాయంత్రం తిరిగొచ్చి చెప్పారు, “పొల్ల నాయినకు అంత వివరంగ చెప్పిన తమ్మీ. మెదడు, నరాలు, అన్నీ బొమ్మ గీసి చూపిన. అంత విని, ‘మీరే రాస్తిరి, మీరే కాదంటిరి, ఏది నమ్మాలమ్మా?’ అన్నడు. పొల్ల నేను ఆడ ఉన్నంత సేపు నా పక్కకే కూసున్నది. ఒక్క మాట మాట్లాడలే. నాకేమో మాట్లాడుడు తప్ప ఇంకేం రాదాయె.” తరవాతి ఆదివారం మూలన మూడు వరుసల సవరణ పడింది. సవరణలు ఎవరు చదువుతారు? ఆ తండ్రి కంట అది పడనే లేదు.

మూడు నెలల తరవాత ఆమె సికింద్రాబాదులో ఒక శిక్షణ సంస్థలో చేరారు. రెండేళ్లపాటు ఆదివారం సాయంత్రం కాజీపేటలో రైలెక్కి వెళ్లడం, మంగళవారం రావడం. “ఈ వయసుల మళ్ల బళ్లెకు పోవుడేంది అక్కా?” అని నేను ఎగతాళి చేశాను. లోపల నాకు తెలుసు, ఆ ఫీజు ఎవరి తప్పుకు కడుతున్నారో. మొదటి ఏడాదంతా ఆమెకు చీవాట్లేనట. ఎదుటి మనిషి నోరు తెరవగానే ఈమె జవాబు అందించేవారు. శిక్షకురాలు “మీరు మళ్లీ వ్యాసం చెప్తున్నారు మేడమ్” అనేదట. “నోట్లె జవాబు మెదులుతుంటే దాన్ని మింగుడు ఎంత కష్టమో నీకు తెలుస్తదా తమ్మీ? వేడి అన్నం ముద్ద మింగినట్టే ఉంటది” అని వాపోయేవారు.

ఆ మింగడాన్ని నా మీదే సాధన చేశారు. మా ఆఫీసు పక్క చాయ్ కొట్టులో ఎదురుగా కూర్చుని నన్ను మాట్లాడమనేవారు. నేనేదో చెప్తే “ఊఁ” అనేవారు. ఇంకేదో చెప్తే మళ్లీ “ఊఁ”. నాలుగో ఊఁకు నాకు తిక్కరేగి, “నన్ను చూసి పరీక్ష రాస్తానవా అక్కా? ఏదన్న ఒకటి అనరాదూ!” అని అరిచాను. ఆమె నవ్వేశారు. అయితే ఆ కొట్టులోనే, అలాంటి ఒక ఊఁ తరవాత, మా నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదన్న సంగతి మొదటిసారి నా నోటి నుంచి వచ్చింది. ఆమె తన గ్లాసు పక్కకు జరిపారు. చాయ్ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నారు. లేచేటప్పుడు నాకు ప్రాణం తేలికపడింది.

స్వరూపను ఆమె వదిలిపెట్టలేదు. ముందు వరంగల్ పెద్ద దవాఖానలో మానసిక వైద్యుడికి చూపించారు. శిక్షణలో కొంత కుదురుకున్నాక, తన శిక్షకుల పర్యవేక్షణలో, హనుమకొండలో తన ఇంటి ముందు గదిలో శనివారాలు ఆ పిల్లతో కూర్చోవడం మొదలుపెట్టారు. రానూ పోనూ బస్సు ఛార్జీలు తానే ఇచ్చి పంపేవారు. ఎన్ని శనివారాలు ఆ పిల్ల నోరు విప్పలేదో నాకు తెలియదు. ఒక శనివారం సాయంత్రం మాత్రం దయామణి గారు చాయ్ కొట్టుకు వచ్చి, ఎన్నడూ లేనిది రెండో చాయ్ అడిగారు. “మాట్లాడిందా?” అన్నాను. “మాట్లాడింది” అన్నారు. “ఏమన్నది?” అంటే, “అది ఆ బిడ్డది. నాది కాదు, నీకిచ్చేటందుకు” అన్నారు. నేను ఎన్ని విధాల గుచ్చి గుచ్చి అడిగినా ఇరవై ఏళ్లలో ఆ మాట ఆమె నోటి నుంచి బయటికి రాలేదు.

ఆ శిక్షణ ఆమె కలాన్ని మార్చేసింది. మనిషి దేహం గురించో మనసు గురించో ఏది రాసినా, ఆ రాత ఎవరిని తాకుతుందో ఆ మనిషికి ముందు చదివి వినిపించేవారు. నత్తి గురించి రాస్తే నత్తి ఉన్న కండక్టరుకు, మతిమరుపు గురించి రాస్తే మతిమరుపు అత్త ఉన్న ఇంటి కోడలికి. వాళ్లు ఒప్పుకోని వాక్యం ఎంత ముచ్చటైనదైనా కొట్టేసేవారు. “సైన్సు తప్పు కావద్దు. అది ఒక్కటే సరిపోదు. ఇది సదివినంక ఇంట్ల ఎవరికి దెబ్బలు పడుతయో గూడ చూస్కోవాలె” అని కుర్ర విలేకరులకు చెప్పేవారు. వాళ్లకది నీతి బోధలా వినిపించేది. నాకు ఎవరి దెబ్బలో తెలుసు గనక తల దించుకునేవాణ్ని.

ఒక ఏడాది మిరప సీజనులో అకాల వర్షం కురిసింది. మబ్బుల మీద రాద్దామని ఆమె ఎనుమాముల వెళ్లారు. శుక్రవారం మధ్యాహ్నం దాటినా వ్యాసం రాలేదు. ఫోన్ చేసి కేకలేస్తే, తడిసిన రాశి పక్కన ఒక ముసలి రైతు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే పొద్దుటి నుంచి ఆయన పక్కనే ఉన్నానన్నారు. “ఏం చెప్పినవ్ ఆయనకు? మబ్బుల సంగతా?” అన్నాను వెటకారంగా. “ఏం చెప్పలే. ఇప్పుడే ఇంత అన్నం తిన్నడు. ఈ వారం నా పేజీ లేదు తమ్మీ, ఏదన్న పెట్టుకో” అని ఫోన్ కట్ చేశారు. తిట్టుకుంటూ ఆ జాగాలో పదకేళి నింపాను. ఆ రైతు కొడుకు తరవాత ఎన్నో ఏళ్లు ఆమె ఇంటికి ఏడాదికోసారి ఎండుమిర్చి తెచ్చి ఇచ్చేవాడు.

నాలుగేళ్ల క్రితం ఒకసారి ధైర్యం చేశాను. “అక్కా, ఆ హెడ్డింగు సంగతి” అని మొదలుపెట్టాను. ఆమె చేయెత్తి ఆపేశారు. “నాకు చెప్పకు. నాకు తెల్సు. నీకు చెప్పబుద్ధయిన నాడు, చెప్పాల్సినోళ్లకు పోయి చెప్పు” అన్నారు. కఠినంగా కాదు, మామూలుగానే. నేను సరేనన్నాను. తర్వాత వారం వెళ్దామనుకున్నాను. ఆ వారం నాలుగేళ్లు సాగింది. ఆమె వెళ్లిపోయారు.

గత వారం చర్చి ఆవరణలో, ఆమె కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక భోజనాల వరుసలో నిలబడితే, ముప్పై ఏడెనిమిదేళ్ల ఒకామె నా దగ్గరికొచ్చి దండం పెట్టింది. “సార్, మీరు పేపర్ల మేడం పేజీ చూసేటోళ్లు కదా? నేను స్వరూపను. ములుగు దగ్గర అంగన్‌వాడీ టీచర్‌ను” అంది. ఇంకో వారం ఆగితే ఈ జన్మకు చెప్పలేనని నాకు తెలుసు. పళ్లెం పక్కన పెట్టేశాను. “అమ్మా, ఆ హెడ్డింగు మేడం పెట్టలేదు. నేను పెట్టిన. కింద కొట్టొద్దని ఆమె రాసిన పేరాను కోసింది గూడ నేనే. నువ్వు వచ్చిన నాడు నేను ఆ గదిలనే ఉన్న” అన్నాను.

స్వరూప రెండు కుర్చీలు లాగి, నన్ను కూర్చోబెట్టి తానూ పక్కన కూర్చుంది. అలా పక్కన కూర్చోవడం ఎవరి దగ్గర నేర్చుకుందో వేరే చెప్పాలా!

“మేడం పెట్టలేదా?” అంది చివరికి. “నాకు నయమైనంక ఒకనాడు ఆమె చేతులు పట్టుకోని, మేడం, మీరు అట్ల రాసినందుకు నాకు మస్తు కోపముండె, ఇప్పుడు లేదు, మాఫ్ చేసిన అని చెప్పిన సార్. ఆమె ‘సరే బిడ్డా, సంతోషం’ అన్నది. నేను కాదు అని ఒక్క మాట అనలే.” ఆమె కళ్లు నిండాయి. కళ్లలో కోపం కూడా ఉంది. “మీరు ఇన్నేండ్లు ఎట్లున్నరు సార్?” అంది.

కళ్లు తుడుచుకుని, “నాకు చెప్పిండ్రు సరే. మా నాయినకు గూడ చెప్పాలె. పేపరు సదివి బిడ్డను కొట్టిన అని గిప్పటికీ కుములుతడు. రేపు పొద్దుగాల నాతోని రాండ్రి” అంది.

మర్నాడు బస్సులో తన కథ తానే చెప్పింది. రాయమని కూడా చెప్పింది. ఆ ఎండాకాలం బీడీలకు వాడే తునికాకు ఏరడానికి అడవికి పోయినప్పుడు దోస్తు ఒకతె కాలికి ఏదో గుచ్చుకుందని ఆగిపోయింది. “ముల్లయి ఉంటది, నడువ్” అంది స్వరూప. అది పాము. సాయంత్రానికి ఆ పిల్ల పోయింది. తానన్న ఆ ఒక్క మాట ఎవరికీ చెప్పుకోలేక దేహం అలా బిగుసుకుపోయేది. “మీకు ఈ ముచ్చట మేడం చెప్పిందనుకున్న” అంది. లేదమ్మా, ఒక్కనాడూ చెప్పలేదన్నాను. ఆమె సంగతి నాకూ, నా సంగతి ఆమెకూ చెప్పకుండా, ఇద్దరి బరువూ మోసిన మనిషిని తలచుకుంటూ మేమిద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం.

స్వరూప తండ్రి ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. బక్కచిక్కిన పెద్దమనిషి. నేను నిలబడే అంతా చెప్పాను. ఇరవై ఏళ్లుగా కూడబెట్టుకున్న మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. “అందుకని, తప్పు మీది కాదు, నాది” అని ముగించాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి, కూర్చోమని మంచం మీద చోటిచ్చాడు.

“సారూ, పేపర్ల రాసింది నువ్వే కావచ్చు. కొట్టిన చెయ్యి నాదే గద” అన్నాడు. “గా తప్పు నీకిస్తే నువ్వేం జేసుకుంటవ్? గీ సంగతి మేడమ్ముందల ఒప్పుకున్న. నా బిడ్డ ముందల ఒప్పుకున్న. నీది నువ్వు చెప్పుకున్నవ్, మంచిగైంది. కొమురమ్మా, సారుకు చాయ్ పెట్టు.”

చాయ్ తాగాం. కొమురమ్మ నన్ను గుర్తుపట్టలేదు, గుర్తుపట్టాల్సినంతగా ఆ రోజు నేను తల ఎత్తలేదు. స్వరూప తన అంగన్‌వాడీ చూపించింది. నెలకు రెండు శనివారాలు పిల్లల తల్లులతో అక్కడే కూర్చుంటుందట. వాళ్లు చెప్తే తాను వింటుందట. దయామణి గారి దగ్గర నేర్చుకున్న ముగ్గురు శిష్యురాళ్లు హనుమకొండలో ఆ ముందు గదిని మూయకుండా నడుపుతున్నారు. పరిష్కారం దొరకని దుఃఖంతో వచ్చిన మనిషికి అక్కడ ఇప్పటికీ ఒక కుర్చీ, వినే చెవి ఉన్నాయి. నా మీద స్వరూపకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు. “పోతది సార్, జర టైం పడ్తది” అని బస్సెక్కిస్తూ తానే చెప్పింది.

దయామణి గారి ప్రతిభకు జోహార్లు అర్పించే వారు నాకంటే పండితులు చాలామంది ఉన్నారు. నేను ఆమె వాక్యాలు కోసినవాణ్ని. నా అపరాధాన్ని తన పేరున భరించి, నేను మనిషినయ్యేదాకా ఓపిక పట్టిన ఆ మాతృహృదయానికి సాష్టాంగ ప్రణామం తప్ప నేనివ్వగలిగింది ఏదీ లేదు. ములుగు నుంచి తిరిగొచ్చే బస్సులో, ఊరి పొలిమేర దాటగానే, జరిగిందంతా చెబుదామని ఫోన్ తీసి ఆమె నంబరు నొక్కాను. రింగు పోతూనే ఉంది. అప్పుడు గాని ఆమె లేరన్న సంగతి నాకు గుర్తుకు రాలేదు. అప్పుడేడ్చాను, బస్సులో అందరూ చూస్తుండగా, సిగ్గు లేకుండా, హనుమకొండ వచ్చేదాకా.